మంచం వేస్తే బెడ్ పెరిగినట్టేనా? తిరుపతి స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. రేపు ఇంకో మహమ్మారి వస్తే తిరుపతి ప్రభుత్వాసుపత్రుల్లో బెడ్లు ఎలా పెంచాలి? మనతో మత్తు డాక్టరు గారు, ఐసీయూ స్టాఫ్‌నర్సు, ఆక్సిజన్ లైన్లు చూసే ఇంజినీరు ఉన్నారు. డాక్టర్ గారూ, 2020లో టీటీడీ వసతి గృహాలు శ్రీనివాసం, విష్ణునివాసం కోవిడ్ కేంద్రాలయ్యాయి. మళ్లీ అదే చేస్తే పోదా?

డాక్టర్: లక్షణాలు తక్కువున్నవాళ్లకు అది చాలా మంచి పని. వాళ్లు అక్కడ ఉండబట్టే ఆసుపత్రుల్లో ఆయాసంతో వచ్చినవాళ్లకు చోటు దొరికింది. కానీ శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 85కి పడిన మనిషికి గదీ మంచం ఏం చేస్తాయి? ఆక్సిజన్ కావాలి.

ఇంజినీర్: లెక్క చెప్తాను మేడం. పెద్ద సిలిండర్‌లో దాదాపు 7 వేల లీటర్ల గ్యాస్ ఉంటుంది. మాస్కుకు నిమిషానికి 10 లీటర్లు ఇస్తే పదకొండు గంటలు దాటి వస్తుంది. ముక్కులోకి వేగంగా ఆక్సిజన్ పంపే హై ఫ్లో మెషీన్ మీద నిమిషానికి 60 లీటర్లు లాగితే రెండు గంటలు కూడా రాదు.

యాంకర్: పెద్ద ట్యాంకు పెడితే?

ఇంజినీర్: ట్యాంకొక్కటే చాలదు. అందులోని ద్రవ ఆక్సిజన్‌ను గ్యాస్‌గా మార్చే వేపరైజర్ మీద లోడు పెరిగితే మంచు గడ్డకట్టేస్తుంది, నీళ్లు కొట్టి కరిగించాలి. పైపు సన్నదైతే చివరి బెడ్లకు ప్రెషర్ అందదు. 2021 మే 10 రాత్రి ఇక్కడి రుయా ప్రభుత్వాసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై ప్రెషర్ పడిపోయింది. 11 మంది పోయారని అధికారులే ప్రకటించారు. ఆ రాత్రిని మనం మర్చిపోకూడదు.

నర్సు: ఆక్సిజన్ ఉన్నా చూసే మనిషి ఉండాలి కదా మేడం. వెంటిలేటర్ పేషెంటుకు ఒక నర్సు ఉండాలి. పది వెంటిలేటర్లంటే మూడు షిఫ్టులకు ముప్పై మంది, సెలవులకు ఇంకొందరు. ఒక్క పేషెంటును బోర్లా తిప్పాలంటే నలుగురైదుగురం పట్టాలి. తల దగ్గర నిలబడే మనిషి గొంతులోని శ్వాస ట్యూబు వదలకూడదు, ఊడిందంటే ప్రాణం మీదికొస్తుంది. అప్పటికప్పుడు కొత్తగా తీసుకున్న పిల్లలకు అది ఒక్కరోజులో ఎలా వస్తుంది?

యాంకర్: మరి మామూలు రోజుల్లో అంతమందిని పెట్టుకుంటే ఖర్చు దండగంటారు.

నర్సు: అదనంగా పెట్టమనట్లేదు. జనరల్ వార్డు నర్సులను వంతులవారీగా ఐసీయూలో వెయ్యండి, చెయ్యి అలవాటవుతుంది.

డాక్టర్: ఆక్సిజన్ పైపు పాయింట్లు కూడా అంతే. ఇప్పుడే జనరల్ వార్డుల్లో వేస్తే న్యుమోనియా పేషెంట్లకు రోజూ పనికొస్తాయి. ఇది నేను గట్టిగా అడుగుతున్నాను.

యాంకర్: జనానికి ఖాళీల సంగతి ఎలా తెలియాలి సిస్టర్?

నర్సు: ఎన్ని మంచాలున్నాయో కాదు, ఈ షిఫ్టులో ఆక్సిజనూ నర్సూ రెండూ ఉన్న బెడ్లెన్నో చెప్పాలి.

డాక్టర్: అదీ మదనపల్లెలో, పలమనేరులో అంబులెన్సు కదలకముందే తెలియాలి. రాత్రి రెండింటికైనా ఫోనెత్తి చెప్పే మనిషిని పెట్టండి.