మోకాలి ఆపరేషన్ తర్వాత ఎముక ఎందుకు పలచబడుతుంది?

నమస్కారం అండీ. మన తిరుపతిలో మోకాలు మార్పించుకున్న పెద్దవాళ్లు వీధికొకరున్నారు. వాళ్ల చుట్టూ తిరిగే ఒక మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది: "లోపల పెట్టిన సిమెంటు ఎముకను తినేస్తుందంట!" సిమెంటంటే అమర్చిన భాగాన్ని ఎముకకు అతికించేది, అదేమీ తినదు. ఎముక పలచబడే మాట నిజమే, కారణమే వేరు.

బ్రహ్మోత్సవాల్లో వాహనం మోసేవాళ్లను చూశారు కదా, కర్ర కింద వరుసగా భుజాలు. ఆ వరుసలోకి ఒక వస్తాదు దూరి బరువంతా తనే ఎత్తుకున్నాడనుకోండి. పక్క మనిషి భుజం కర్రకు ఆనుతుందే గానీ మోయదు. నెలల తరబడి ఇదే సాగితే ఆ భుజంలో కండ జారిపోతుంది.

మోకాల్లో వస్తాదు ఎవరంటే కోబాల్ట్ క్రోమియం లోహం. గట్టి ఎముక కంటే కూడా సుమారు పది రెట్లు బిగువు. దాన్ని తొడ ఎముక చివర తొడుగుతారు. ముందువైపు లోహం వెనకాల, మోకాలి చిప్పకు కాస్త పైన ఉండే ఎముకే మన పక్క మనిషి. ఎముకలో పాతది తీసే కణాలు, కొత్తది పోసే కణాలు రోజూ పనిలోనే ఉంటాయి. బరువు పడని చోట తీయడమే ఎక్కువవుతుంది. జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడీ సంగతి. ఈ తగ్గుదల మొదటి ఏడాదిలో జోరుగా ఉండి, తర్వాత నెమ్మదిస్తుంది.

మోకాలి కింద ఉండే కాలి ఎముక కథ ఇంకా బాగుంటుంది. దొడ్డికాళ్లవాళ్లకు ఏళ్ల తరబడి లోపలివైపు మనిషొక్కడే మోశాడు, అక్కడ ఎముక బాగా గట్టిపడింది. ఆపరేషన్‌లో కాలు నిటారు కాగానే వాహనం సమంగా నిలిచింది, బరువు అందరూ పంచుకున్నారు. లోపలివైపు సాంద్రత తగ్గేది అందుకే. దీనికీ టెన్షన్ పడితే ఎలా!

"కూర్చోమ్మా, నీళ్లు నేను తెస్తా" అంటూ నెలలకొద్దీ మంచం దిగనివ్వని పిల్లలున్నారే, వాళ్లే మిగతా భుజాలకూ పని లేకుండా చేసేది. నడవనివ్వండి. అలాగని మోకాళ్ల పర్వతం ఎక్కించమనడం లేదు, డాక్టరు చెప్పినంతే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఎముక సాంద్రత కొలిచే మామూలు డెక్సా స్కాన్ తుంటి, నడుము ఎముకలను చూస్తుంది, మోకాలిని కాదు. అందులో టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 2.5 గానీ అంతకంటే కిందకు గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. మందులున్నాయి, డాక్టరు రాస్తేనే వాడండి. ఆపరేషనైన కొన్నేళ్లకు కొత్తగా నొప్పి మొదలైతే మాత్రం ఈ వీడియో చూసి ఊరుకోవద్దు. అమర్చినది వదులైందేమో ఎక్స్-రే తీయించండి. పలచబడ్డ ఎముక పడితే విరుగుతుంది కాబట్టి ముందు బాత్‌రూమ్‌లో జారని చాప వేసి, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి.