మూత్రంలో గ్రోత్ హార్మోన్‌ను కొలవడం: రాత్రి నమూనా నుంచి రిపోర్టు దాకా

నమస్కారం. హైదరాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న వాళ్ల కోసం ఈ వీడియో. పొట్టిగా ఉన్న పిల్లల మూత్రంలో గ్రోత్ హార్మోన్‌ను, అంటే ఎదుగుదల హార్మోన్‌ను, ఎలా కొలవాలో చూద్దాం.

పిట్యూటరీ గ్రంథి గ్రోత్ హార్మోన్‌ను విడతలు విడతలుగా వదులుతుంది. గాఢనిద్ర పట్టాక వచ్చే విడత పెద్దది. రక్తంలో చేరిన హార్మోన్ ఇరవై నిమిషాలు తిరిగేసరికి దాదాపు సగమైపోతుంది. అందుకే పొద్దున ఒక్కసారి తీసిన రక్తం పెద్దగా ఏమీ చెప్పదు. రాత్రంతా మూత్రాశయంలో చేరిన మూత్రంలో మాత్రం ఆ విడతలన్నిటి జాడా ఉంటుంది.

అయితే ఆ జాడ చాలా స్వల్పం. మూత్రపిండం వడగట్టిన హార్మోన్‌ను అక్కడి నాళికలే తిరిగి పీల్చుకుని ముక్కలు చేసేస్తాయి. బయటికి వచ్చేది పదివేలలో ఒక వంతు కూడా ఉండదు. రక్తంలో మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో చూసేదాన్ని ఇక్కడ లీటరుకు నానోగ్రాముల్లో చూస్తాం. మామూలు రక్తపరీక్ష కిట్టుకు ఇది అందదు. మూత్రం కోసమే తయారైన అతి సున్నితమైన కిట్టు కావాలి.

ఇక నమూనా. నా దృష్టిలో సగం పరీక్ష ఇంట్లోనే అయిపోతుంది, కాబట్టి పిల్లాడి తల్లికి తొందరపడకుండా చెప్పండి: "అమ్మా, బాబు పడుకోబోయే ముందు పోసిన మూత్రం పారబోయండి, టైము రాసుకోండి. రాత్రి మధ్యలో లేస్తే ఆ మూత్రం, పొద్దున లేవగానే పోసింది, రెండూ డబ్బాలోనే పట్టండి. పక్క తడిపితే చెప్పండి, మరో రోజు పడదాం." జ్వరం ఉన్నప్పుడు, బాగా ఆటలాడిన రోజున వద్దనండి. కొన్ని పరీక్షలకు యాసిడ్ పోసిన డబ్బా ఇస్తాం, దీనికి అది పనికిరాదు.

మే నెల ఎండలో కూకట్‌పల్లి నుంచి తార్నాకకు బండి మీద వచ్చే డబ్బాను ఊహించుకోండి. ఐసు పెట్టె లేకపోతే ఆ నమూనా మీద ఆశ వదులుకోవలసిందే.

డబ్బా చేతికి రాగానే మెల్లగా తిప్పి కలిపి, మొత్తం ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి రాయండి. ఈ అంకె మరిచిపోతే తర్వాత లెక్క కట్టలేరు. మూత్రంలో ప్రోటీన్ తక్కువ కాబట్టి హార్మోన్ ట్యూబు గోడలకే అంటుకుపోతుంది. దాన్ని ఆపడానికి కిట్టులో చెప్పిన మేరకు బోవైన్ ఆల్బుమిన్ (ఆవు రక్తంలోని ప్రోటీన్) కలపండి. సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన భాగాన్ని చిన్న ట్యూబుల్లోకి పంచి ఫ్రీజర్‌లో పెట్టండి. ఒక్కో ట్యూబును ఒక్కసారే కరిగించాలి.

ఇక కొలవడం. ఎలైసా, అంటే యాంటీబాడీలతో హార్మోన్‌ను పట్టి రంగును బట్టి కొలిచే పద్ధతి, మీకు తెలిసిందే. ఒక్కో నమూనాను రెండేసి గుంటల్లో వేయండి. పిపెట్ మొన గుంట అడుగుకు తగలకూడదు, నురగ రాకూడదు. కడిగాక ప్లేటును టిష్యూ మీద బోర్లించి గట్టిగా తట్టండి. ఇంత తక్కువ మోతాదులో మిగిలిన ఒక్క చుక్క కూడా అంకెను మార్చేస్తుంది. చివర్లో వచ్చే నీలం రంగు, యాసిడ్ కలిపాక పసుపు అవుతుంది. అవగానే 450 నానోమీటర్ల దగ్గర చదవండి.

లీటరుకు 4 నానోగ్రాములు వచ్చింది, రాత్రి మూత్రం 500 మిల్లీలీటర్లు అనుకుందాం. అంటే ఆ రాత్రికి 2 నానోగ్రాములు. మూత్రం ఎంత చిక్కగా ఉందో తెలిపే క్రియాటినిన్ కూడా కొలిచి, దానితో భాగించిన విలువను పక్కనే రాయండి. మూత్రపిండాల జబ్బు ఉంటే నాళికలు పీల్చుకోలేక అంకె పెరుగుతుంది. ఆ సంగతి రిపోర్టులో తప్పక ఉండాలి.

పొట్టిగా ఉన్న పిల్లల అంకెలు, మామూలు పిల్లల అంకెలు చాలావరకు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే డాక్టర్లు రక్తంలో ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ప్రభావంతో తయారయ్యే మరో హార్మోన్) పరీక్ష మీద, క్లోనిడిన్ వంటి మందు ఇచ్చి గ్రోత్ హార్మోన్ ఎంత పెరుగుతుందో చూసే ప్రేరేపణ పరీక్షల మీదే ఆధారపడతారు. రిపోర్టు తీసుకుంటూ "మా వాడు ఎదుగుతాడా?" అని తల్లి అడిగితే, ఈ ఒక్క కాగితంతో తేల్చలేమని, ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టరుకు, చూపించమని నిదానంగా చెప్పి పంపండి.