ఆ కుర్రాడి జీతం ఎవరిస్తారు?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే పోతాయి, మన్నించాలి. నేను మాట్లాడవలసింది వెనక వరసల్లో కూర్చున్న ప్రొజెక్షన్ బూత్ కుర్రాళ్లతో.

డిజిటల్ ప్రొజెక్షన్‌లో ఏవి ఎలా మొండికేస్తాయో చెప్పమన్నారు. బొమ్మ సంగతి త్వరగా చెప్పేస్తాను. మసకబారితే ల్యాంపు ఎన్ని గంటలు వెలిగిందో చూడండి. తెర మధ్యలో 14 ఫుట్‌ లాంబర్ట్‌ల వెలుగుండాలి, ఫుట్ లాంబర్ట్ అంటే తెర వెలుగుకు కొలత. మీటరుతో కొలవండి, కంటిని నమ్మొద్దు. సినిమా లోడయినా ప్లే అవకపోతే కేడీఎం, అంటే సినిమా తెరిచే డిజిటల్ తాళంచెవి, తెరిచి, ఏ మీడియా బ్లాక్ (సినిమాను విప్పి ఆడించే బోర్డు) పేరున ఇచ్చారో, ఏ గంట నుంచి చెల్లుతుందో చదవండి. ఆ బోర్డు మారితే పాత తాళంచెవి పనికిరాదు, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అంతే. బోర్డులోని గడియారం తిప్పేద్దామా అంటే, ఏడాదికి ఆరు నిమిషాలకు మించి కదలనివ్వరు.

ఇక సౌండు. నా కడుపుమంట ఇక్కడే.

మన వైజాగ్‌లోనే ఒక హాలు, పేరెందుకు. కొత్త సౌండ్ పెట్టారు. ప్రాసెసర్ నుంచి యాంపులకి ఛానెల్‌కో వైరు కాదు, నెట్‌వర్క్ కేబులు. ఫస్ట్ షో మధ్యలో వెనక స్పీకర్లు టప్‌మంటాయి, ఓ క్షణం మూగబోతాయి, మళ్లీ మామూలే. మార్నింగ్ షోలో ఏమీ ఉండదు. యాంపు మార్చారు, స్పీకర్లు విప్పారు. చివరికి ఆపరేటరే ఏదో కెలికాడని జీతం కోసేశారు.

ఆ కుర్రాడు ఏం చేశాడో వినండి. టప్‌మన్న ప్రతిసారీ టైము ఒక అట్టముక్క మీద రాసిపెట్టాడు. "ఏటవుతుందో తెలీదండి, సాయంత్రమే వస్తంది" అని ఆ అట్ట నా చేతిలో పెట్టాడు. సౌండు పరికరాల రాక్ వెనక్కి వెళ్లి చూస్తే, నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే పెట్టె, అదే ఆడియో స్విచ్‌లో రెండు కొత్త కేబుళ్లు! ఒకటి సీసీ కెమెరాలది, ఒకటి క్యాంటీన్ బిల్లింగ్‌ది. ఖాళీ పోర్టు కనిపించింది కదా అని ఎవరో గుచ్చేశారు. సాయంత్రమైతే ఆఫీసులో కెమెరాలన్నీ తెరిచి కూర్చుంటారు.

నెట్‌వర్క్ కేబులు మీద సౌండు పంపే పద్ధతి డాంటే అయినా, ఏఈఎస్ 67 అయినా, పరికరాలన్నీ ఒకే గడియారానికి నడవాలి. సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే సౌండు కొలతలు. కెమెరాల రద్దీలో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చిన సౌండు ప్యాకెట్‌ని యాంపు పారేస్తుంది, ఆ ఖాళీయే మనకు వినిపించే టప్. ఆ రెండు కేబుళ్లూ పీకాం, ఆ రాత్రి సెకండ్ షో చప్పుడు లేకుండా ఆడింది.

కోసిన జీతం మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఇక్కడ యజమానులున్నారు, అయ్యా, మిమ్మల్నే అడుగుతున్నాను. స్విచ్ చూడకుండా మనిషిని అనడం ఏం న్యాయం? మన జగదాంబ థియేటర్లో 70 ఎం.ఎం. బొమ్మ చూడ్డానికి విజయనగరం, శ్రీకాకుళం నుంచి బస్సెక్కి వచ్చేవారు. ఇక్కడి జనానికి సౌండంటే ఏమిటో తెలుసు. దాన్ని కాపాడేవాడు బూత్‌లో ఉన్నాడు.

చెప్పవలసింది ఇంకా ఉంది, కుర్రాళ్లూ. ఆడియోకి స్విచ్ వేరుగా ఉంచండి. అందులో కరెంటు పొదుపు చేసే సెట్టింగు, అదే గ్రీన్ ఈథర్‌నెట్, ఆపేయండి. గడియారం ప్యాకెట్లకి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. మనది సముద్రపు గాలి, కనెక్టర్ పీకి చూస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము కనబడుతుంది. తుడవొద్దు, కోసి కొత్తది క్రింప్ చెయ్యండి.

టీ తరవాత ఎవరూ వెళ్లొద్దు. పక్క గదిలో ఒక రాక్ పెట్టించాను. అందులో మూడు తప్పులు కావాలనే చేసి ఉంచాను, మీరే పట్టుకోవాలి.