జర్కు కొట్టే పాత కారు, 650 రూపాయల స్కానర్: నిజంగా పనికొచ్చిందా?

నమస్తే అండీ. ముందు ఈ రికార్డింగ్ వినండి. ఇంజన్ సాఫీగా వెళ్తోంది, వెళ్తోంది, ఇదిగో ఇక్కడ. మళ్ళీ వేస్తాను, సరిగ్గా వినండి. ఒక్క క్షణం ఇంజన్ గొంతు పట్టేసినట్టు ఆగి, వెంటనే అందుకుంది. బండి ముందుకు ఒక గుంజు గుంజింది. ఇది మా నాన్న 2011లో కొన్న పెట్రోల్ కారు, 1.2 లీటర్, నాలుగు సిలిండర్లు, లక్షా పదిహేను వేల కిలోమీటర్లు తిరిగింది. మే నెలలో విజయవాడ హైవే మీద, చౌటుప్పల్ దాటాక, వెనకాల లారీ ఉండగా ఇలా జర్కు కొట్టింది. వెనక సీట్లో అమ్మ ఉంది. లారీ డ్రైవర్ బ్రేక్ వేసి హారన్ కొట్టాడు. ఆ రోజు పడిన టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది, అందుకే దీని అంతు చూడాలనుకున్నాను.

ఇలాంటి లోపంతో కష్టమేంటంటే, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే రాదు. షెడ్డు ముందు అరగంట స్లోలో పెట్టి చూశాం, ఏమీ లేదు. రేజ్ చేసి చూశాం, ఏమీ లేదు. పాపం అన్న మాత్రం ఏం చేస్తాడు, కనపడని దాన్ని ఊహించి బాగు చేయాలి కదా. ప్లగ్గులు మార్చాడు, త్రాటిల్ బాడీ క్లీన్ చేశాడు, తర్వాత ఫ్యూయల్ పంప్ మీద అనుమానం వచ్చి అదీ మార్చాం. పంప్‌కే దాదాపు ఐదు వేలు. వారం బాగానే ఉంది, ఎనిమిదో రోజు ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మళ్ళీ అదే.

అప్పుడు కొన్నాను దీన్ని. ఇదిగో, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఈఎల్ఎం327 అనే చిప్ పేరు మీద అమ్ముతారు, 650 రూపాయలు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, దాంట్లో గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌లో బ్లూటూత్ కలిపితే ఇంజన్ కంప్యూటర్ చదువుతున్న లెక్కలన్నీ స్క్రీన్ మీద కనిపిస్తాయి. పాస్‌వర్డ్ సాధారణంగా 1234 గానీ నాలుగు సున్నాలు గానీ ఉంటుంది. ఐఫోన్ వాడేవాళ్ళు ఈ మామూలు బ్లూటూత్ రకం కొనకండి, కలవదు. వైఫైది గానీ, ఐఫోన్‌కు పనిచేస్తుందని రాసి ఉన్నది గానీ తీసుకోండి.

కొనేముందు ఇంకొకటి చూసుకోండి. కారు తన లోపాలను తానే గుర్తించి ఆ సాకెట్ ద్వారా చెప్పే ఏర్పాటును ఓబీడీ అంటారు. మన దేశంలో దాని రెండో దశ తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు కార్లలో కొన్నిటికి పనిచేస్తుంది, కొన్నిటికి సాకెట్ అదే ఆకారంలో ఉన్నా లోపలి భాష వేరు, అస్సలు కలవదు. మాది 2011 మోడల్ అయినా కలిసింది. మీ కారు 2013 కంటే పాతదైతే, ముందు ఎవరి దగ్గరన్నా అడిగి తెచ్చి ఒకసారి గుచ్చి చూసి అప్పుడు కొనండి.

సరే, కలిపాను. కోడ్స్, అంటే కంప్యూటర్ దాచుకునే లోపాల నంబర్లు, చదివాను. ఒక్కటి కూడా లేదు! ఇంజన్ లైట్ వెలగలేదు, దాచుకున్న కోడ్ లేదు, పెండింగ్‌లోనూ ఏమీ లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, స్కానర్ దండగ అనుకుంటారు. కానీ క్షణంలో వచ్చి క్షణంలో పోయే లోపాన్ని కంప్యూటర్ కోడ్‌గా రాసుకోకపోవచ్చు. అందుకే ఇలాంటి వాటికి కోడ్స్ కంటే లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా కనిపించే లెక్కలు, ముఖ్యం, ఈ డబ్బా విలువంతా నాకు అక్కడే కనిపించింది.

ఈ చౌక రకం స్కానర్లు నెమ్మదిగా చదువుతాయి. ఒక్కో లెక్కా అడగాలి, కంప్యూటర్ జవాబు చెప్పాలి, మళ్ళీ ఇంకోటి అడగాలి. మీరు పదిహేను లెక్కలు స్క్రీన్ మీద పెట్టుకుంటే ఒక్కోదాని వంతు వచ్చేసరికి జర్కు వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. మొదటి రెండు రోజులు నేను చేసిన పొరపాటు అదే, ఏమీ దొరకలేదు. మూడో రోజు మూడే ఉంచాను: ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో), స్పీడ్, బ్యాటరీ వోల్టేజ్. రికార్డింగ్ ఆన్ చేసి ఫోన్ తమ్ముడి చేతికిచ్చాను. నడిపేవాళ్ళు ఫోన్ చూడకండి, దయచేసి. పక్కన మనిషి ఉంటేనే ఈ పని చేయండి.

హయత్‌నగర్ దాటి, గంట నడిపాక, ఇంజన్ బాగా వేడెక్కాక వచ్చింది. ఆ గ్రాఫ్ ఇదే, జూమ్ చేస్తున్నాను. పైన గీత ఆర్పీఎం. రెండు వేల దగ్గర నిలకడగా ఉంది. ఇక్కడ చూడండి, ఒక్కసారిగా సున్నా. మళ్ళీ రెండు వేలు. కింద గీత స్పీడ్, అది 64 దగ్గర కదలకుండా ఉంది. వోల్టేజ్ 14.1, అదీ మారలేదు.

ఇప్పుడు ఆలోచించండి. బండి గేర్‌లో ఉంది, క్లచ్ నొక్కలేదు, 64లో వెళ్తోంది. అంటే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతున్నాయి. పెట్రోల్ ఆగినా, కరెంట్ ఆగినా క్రాంక్, అంటే ఇంజన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు, తిరుగుతూనే ఉండాలి, అది సున్నాకి పడి మళ్ళీ రెండు వేలకి లేవడం జరిగే పని కాదు. కాబట్టి ఇంజన్ ఆగలేదు, ఇంజన్ తిరుగుతోందన్న సమాచారం ఆగింది. ఆ సమాచారం ఇచ్చేది క్రాంక్ సెన్సార్. అది మూగబోతే కంప్యూటర్‌కి ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలో, ఎప్పుడు పెట్రోల్ కొట్టాలో తెలియదు, రెండూ ఆపేస్తుంది. మనకు తగిలే గుంజు అదే.

అదే స్పార్క్‌కి కరెంట్ ఇచ్చే కాయిల్ ఒకటి పోయి, ఆ సిలిండర్ మండక మిస్ కొడుతుంటే ఆర్పీఎం కొంచెం వణుకుతుంది, సున్నాకి పడదు. బండి వణుకుతుంది, పీ0301 నుంచి పీ0304 వరకు ఏదో ఒక కోడ్ రావచ్చు. చివరి అంకె ఏ సిలిండరో చెబుతుంది. మూడో సిలిండర్ అని వస్తే, ఇంజన్ ఆపి, మూడో కాయిల్‌ని రెండో దానికి మార్చండి. కోడ్ కూడా రెండుకి మారితే కాయిల్‌దే తప్పు. పైసా ఖర్చు లేదు. పెట్రోల్ అందకపోతే కథ వేరేగా ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు బండి ముక్కుతుంది, పికప్ మెల్లగా చచ్చిపోతుంది గానీ ఇలా కత్తితో కోసినట్టు ఉండదు. బ్యాటరీ ఎర్త్ వదులైతే వోల్టేజ్ గీత కూడా కింద పడుతుంది, డాష్‌బోర్డు లైట్లు మిణుకుమంటాయి.

సెన్సార్ అని తెలిసింది కదా, వెంటనే ఆర్డర్ పెట్టేయబోయాను. తమ్ముడు ఆపాడు, పంప్ కూడా ఇలాగే కొన్నాం కదా అన్నాడు. వాడన్నది నిజం. ముందు మల్టీమీటర్ పెట్టాం. మా సెన్సార్ రెండు వైర్ల రకం, లోపల రాగి చుట్ట ఉంటుంది. కప్లర్ విప్పి కొలిస్తే చల్లగా ఉన్నప్పుడు 560 ఓమ్స్, వేడెక్కాక 650. రాగి వేడెక్కితే ఆ మాత్రం పెరగడం మామూలే. చుట్ట లోపల తెగి ఉంటే మీటర్ అసలు అంకే చూపించదు. అంటే చుట్ట తెగలేదు, సెన్సార్ బాగున్నట్టే. మీ దాంట్లో మూడు వైర్లు ఉంటే అది చాలావరకు హాల్ రకం, దాన్ని ఇలా ఓమ్స్‌లో కొలవడానికి కుదరదు, ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

మిగిలింది వైరు. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ స్లోలో ఉండగా ఎండిన చెక్క పుల్లతో వైరింగ్‌ని మెల్లగా కదిలించుకుంటూ వచ్చాను. పొడుగు చేతుల చొక్కా వద్దు, చున్నీ అసలే వద్దు, ఫ్యాన్ ఎప్పుడైనా తిరుగుతుంది. గేర్‌బాక్స్ పక్కన, సైలెన్సర్ పైపుకి దగ్గరగా వెళ్ళే చోట పుల్ల తగలగానే ఇంజన్ తడబడింది. మళ్ళీ తాకాను, మళ్ళీ తడబడింది. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను అండీ, రెండు నెలలుగా దొరకని దొంగ చేతికి చిక్కినట్టుంది.

ఇంజన్ చల్లారాక టేప్ విప్పాను. క్లోజప్‌లో చూడండి. వైరు తొడుగు వేడికి ఎండు కొబ్బరి పీచులా అయిపోయింది, వేలితో వంచితే పెళుసుగా విరిగింది. లోపల రాగి పోగుల్లో మూడో నాలుగో మిగిలాయి, అవీ పచ్చబడ్డాయి. మల్టీమీటర్‌ని కంటిన్యూటీలో (వైరు తెగకుండా ఉంటే కూత వేసే సెట్టింగ్) పెట్టి వంచితే మీటర్ కూత ఆగిపోతోంది, వదిలితే కూస్తోంది. బండి వేడెక్కి కుదుపు తగిలినప్పుడల్లా జరిగింది ఇదే.

పాడైన ముక్క కోసేసి, అదే మందం కొత్త వైరు కలిపి, సోల్డర్ చేసి, రెండు పొరల స్లీవ్ వేడి చేసి బిగించాను. పైపుకి దూరంగా జరిపి టై వేశాను. అరవై రూపాయలు కూడా కాలేదు.

ఇక స్కానర్ సంగతి. 650కి నాకు పది రెట్లు పనిచేసింది, పాత పెట్రోల్ కారు ఉన్న ఇంట్లో ఉండాల్సిందే అంటాను. కానీ అది సెన్సార్ అని చెప్పదు, వైరు అని చెప్పదు, ఎటు వెతకాలో చూపిస్తుంది, అంతే. 2.1 వెర్షన్ అని రాసి ఉన్న నకిలీల్లో కొన్ని ఆదేశాలు పనిచేయవు, నచ్చకపోతే వాపసు తీసుకునే చోటే కొనండి. ఇంటికొచ్చాక సాకెట్ నుంచి తీసేయండి, అక్కడికి బ్యాటరీ కరెంట్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, పదిరోజులు బండి కదలకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు. ఇంకో మాట, షెడ్డులో ఎవరైనా బ్యాటరీ వైరు తీస్తానంటే ముందు కోడ్స్ ఫొటో తీసుకోండి. కోడ్‌తో పాటు లోపం వచ్చినప్పటి ఆర్పీఎం, వేడి కూడా నమోదై ఉంటాయి, బ్యాటరీ తీస్తే అవి చెరిగిపోవచ్చు.

మొన్న ఆదివారం అదే రోడ్డు మీద సూర్యాపేట వరకు వెళ్ళొచ్చాం, నాన్నే నడిపాడు. గ్రాఫ్ ఇది, మొదటి నుంచి చివరి వరకు ఒక్క సున్నా లేదు. చౌటుప్పల్ దగ్గర అమ్మ ముందు సీటు పట్టుకుంది. దాటాక వదిలేసింది.