అందరూ చదవగలిగే ఉత్తరం

అందరికీ నమస్కారం.

మా అమ్మాయి పురిటికని ఆరు నెలలు అమెరికాలో ఉండి వచ్చాం. అక్కడ నన్ను బాగా ఇబ్బంది పెట్టింది చలి కాదు, వీధి. సాయంత్రం నడకకు బయల్దేరితే మైలు దూరం వెళ్ళినా ఒక్క మనిషి ఎదురుపడడు. కార్లు పోతుంటాయి, అంతే. ఒక ఆదివారం పాత సామాన్లు అమ్మే కొట్టుకు తీసుకెళ్ళారు. అక్కడో చెప్పుల డబ్బాలో ఊళ్ళవారీగా అట్టముక్కలు అడ్డుపెట్టి పేర్చిన పాత పోస్ట్‌కార్డులు. ఒకటి తీసి చూస్తే వీధి నిండా జనం! గుర్రబ్బళ్ళు, ట్రామ్, కొట్టు గుమ్మంలో ఏప్రన్ కట్టుకుని నిలబడ్డ యజమాని, ఆయన కాళ్ళ దగ్గర కుక్క. ఆ రోజు నాలుగు కొన్నాను. తిరిగొచ్చేసరికి నూట పది అయ్యాయి. ఊరగాయలు వెళ్ళిన సూట్‌కేసులోనే ఇవి వచ్చాయి. మా ఆవిడ ఇంకా దెప్పుతూనే ఉంది.

చరిత్ర కాస్త త్వరగా చెప్పేస్తాను. అమెరికా సర్కారువారి బొమ్మలేని కార్డు 1873 నుంచీ ఉంది, ఒక్క సెంటు. ప్రైవేటువాళ్ళు అచ్చేసిన కార్డుకు మాత్రం ఉత్తరంతో సమానంగా రెండు సెంట్ల స్టాంపు అంటించాలి. 1898 మే 19న వచ్చిన చట్టం దాన్నీ ఒక్క సెంటు చేసింది. అయితే వెనకవైపు చిరునామా తప్ప ఇంకేమీ రాయకూడదు. మరి కబురెక్కడ రాయాలి? బొమ్మ మీదే! అందుకే ఆ కాలపు కార్డుల్లో ఆకాశం నిండా, నది నీళ్ళ మీద, కోర్టు మెట్ల మీద కూడా పెన్సిల్ రాతలు కనబడతాయి. 1907 మార్చి 1 నుంచి వెనకవైపు మధ్యలో గీత గీసి, ఎడమవైపు కబురు, కుడివైపు చిరునామా రాసుకోమన్నారు. ఇక జనం ఆగలేదు. 1908 జూన్ చివరికి ముగిసిన ఏడాదిలో 67 కోట్లకు పైగా కార్డులు టపాలో పడ్డాయి. దేశ జనాభా చూస్తే తొమ్మిది కోట్లు కూడా లేదు.

ఒక్క సెంటు కావడమొక్కటే దీనికి కారణం కాదు. అంతకుముందు పొలాల్లో ఇళ్ళు కట్టుకున్న రైతు టపా కోసం ఊళ్ళోకి బండి కట్టుకుని వెళ్ళాల్సి వచ్చేది. 1896లో ప్రయోగంగా మొదలైన పల్లె బట్వాడా 1902కి స్థిరపడింది. పోస్ట్‌మనే ఇంటి ముందు డబ్బాలో వేసి వెళ్ళేవాడు. పెద్ద ఊళ్ళల్లోనైతే రోజుకు రెండు మూడుసార్లు పంచేవారు. పొద్దున కార్డు వేసి సాయంత్రం స్టేషన్‌కు రమ్మనే వీలు ఉండేది.

రాసిందేమిటంటారా? క్షేమంగా చేరాం. ఇక్కడ వాన పట్టుకుంది. పిల్లకి దగ్గు తగ్గింది. నువ్వెందుకు రాయడం లేదు. హోటల్ బొమ్మ మీద ఒక కిటికీ దగ్గర ఇంటూ మార్కు పెట్టి, నేను దిగిన గది ఇదే అని. మనవాళ్ళు కార్డు ముక్క మీద ‘ఉభయ కుశలోపరి’ అని మొదలుపెట్టి రాసిన కబుర్లకూ వీటికీ పెద్ద తేడా లేదు. కార్డుకు దాపరికం లేదు. మన పోస్ట్‌మన్ కార్డు చేతికిచ్చేలోపే ‘మీ బావగారు వస్తున్నారండీ’ అని చెప్పేసేవాడు గుర్తుందా? అక్కడా అంతే. నలుగురూ చదివినా ఫర్వాలేదనుకున్నదే కార్డెక్కుతుంది. వీటిని చూసేటప్పుడు నేను మనసులో పెట్టుకునేది ఆ ఒక్క మాటే.

ఊళ్ళ బొమ్మలూ అంతే. రంగు కార్డులు చాలావరకు జర్మనీలో అచ్చయ్యేవి. నలుపు తెలుపు ఫొటో వెళ్తే, ఆ ఊరు ఎన్నడూ చూడని పనివాళ్ళు రంగులద్దేవారు. 1909లో దిగుమతి సుంకం పెరిగింది, 1914లో యుద్ధం వచ్చింది, ఆ దారి మూతపడింది. తర్వాతి కాలంలో షికాగోలోని కర్ట్ టైక్ కంపెనీలాంటివి కరెంటు స్తంభాలు, తీగలు చెరిపేసి, రోడ్డు శుభ్రం చేసి, ఆకాశాన్ని నీలం చేసి ఇచ్చేవి. పెళ్ళిచూపులకి ముస్తాబైన ఊరన్నమాట.

కాన్సస్ రైతుల సరదా ఇంకో రకం. ఆటవా అనే ఊళ్ళో డాడ్ మార్టిన్ అనే ఫొటోగ్రాఫర్ 1908 నుంచి బొమ్మలు కత్తిరించి అతికించి, చెట్టుమానంత మొక్కజొన్న పొత్తులు బండికెత్తినట్టు చూపించాడు. జనం ఎగబడి కొన్నారు. కరువులు, మిడతల దండులు చూసిన నేల అది. పంట గురించి కోతలు కోయాలన్నా ధైర్యం కావాలి.

నాకు ఎక్కువ ఇష్టమైనవి మాత్రం అచ్చు కార్డులు కావు, ఫొటో కార్డులు. 1903లో కొడాక్ ‘3ఎ’ అనే మడత కెమెరా తెచ్చింది. దాని నెగెటివ్ సరిగ్గా కార్డంత, మూడుంపావు అంగుళాలకు ఐదున్నర. పెద్దది చేయక్కర్లేదు, కార్డు కాగితం మీద నేరుగా ముద్ర వేసుకోవచ్చు. పక్కింటి కుర్రాడు తీసిన ఫొటో కూడా పోస్ట్‌కార్డు అయిపోయింది. చనిపోయిన గుర్రం, కొత్త పొయ్యి, వరదలో మునిగిన వంతెన, ఎడమకాలికి కట్టు కట్టుకున్న మావయ్య, అన్నీ టపాకెక్కాయి.

అన్నీ అంటే అన్నీ. 1920 జూన్ 15న మిన్నెసోటాలోని డలూత్‌లో వేలమంది గుంపు పోలీసు స్టేషన్ మీద పడి, సర్కస్‌లో పనిచేసే ముగ్గురు నల్లజాతి యువకుల్ని లాక్కొచ్చి దీపస్తంభానికి ఉరి తీసింది. ఎలియాస్ క్లేటన్, ఎల్మర్ జాక్సన్, ఐజాక్ మెగీ. ఆ ఫొటో పోస్ట్‌కార్డుగా అమ్ముడుపోయింది. శవాల పక్కన మెడలు సాచి కెమెరాలోకి చూస్తున్న మొహాలు అందులో కనబడతాయి. ఇలాంటి కార్డులు అదొక్కటే కాదు. హత్యకు ఉసిగొల్పే సరుకును టపాలో పంపకూడదని 1908లోనే చట్టం వచ్చింది. అయినా అచ్చు ఆగలేదు, కవర్లో పెట్టి పంపేవాళ్ళు పంపారు. నలుగురూ చదివినా ఫర్వాలేదనుకున్నదే కార్డెక్కుతుందని ఇందాక అన్నాను. ఇదీ ఎక్కింది. ఆ ముగ్గురికీ డలూత్‌లో స్మారకం 2003లో కట్టారు.

అలాంటి కార్డు ఒకటి అదే డబ్బా చివర వేరే కవర్లో ఉంటే చూశాను. కొనలేదు. కొనకపోవడం సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇవాళ తెచ్చింది ఇది. చెక్క ఇల్లు, గుమ్మం ముందు మొగుడూ పెళ్ళాం, చేతిలో పాప. ఆవును కూడా పక్కన నిలబెట్టారు, తాడు ఆవిడ చేతిలో ఉంది. కింద గడ్డి మీద ఫొటో తీసినవాడి నీడ, టోపీతో సహా పడింది. వెనక్కి తిప్పితే స్టాంపు అంటించే గళ్ళో ‘అజో’ అని ఫొటో కాగితం పేరు, నాలుగు మూలలా నాలుగు త్రికోణాలు. నాలుగూ పైకి చూస్తుంటే 1904కీ 1918కీ మధ్యదని లెక్క. కబురు లేదు, చిరునామా లేదు. ఎవరికి పంపాలనుకుని తీయించుకున్నారో, పంపకుండా ఎందుకు ఉంచేసుకున్నారో.

ముందు వరుస నుంచి ఒకరి తర్వాత ఒకరు చూసి అందించండి. అంచులు పట్టుకోండి, బొమ్మ మీద వేలు పెట్టకండి. చివరి వరుస దాటాక మాత్రం గుర్తుపెట్టుకుని నాకు తిరిగి ఇవ్వండి, ఇంటికెళ్తే లెక్క చెప్పాలి.