పెరటింట్లో చెమ్మ

అందరికీ నమస్కారం. వానలు మొదలవ్వడానికి ఇంకో నెల కూడా లేదు కాబట్టి సూటిగా విషయంలోకే వస్తాను. ఇక్కడ సియాటెల్ చుట్టుపక్కల పెరట్లో ఏడీయూ, అంటే సొంతింటి స్థలంలోనే ఇంకో చిన్న ఇల్లు, కట్టుకున్న మనవాళ్లు ఏటికేడాది పెరుగుతున్నారు. 2019లో సియాటెల్ నగరం ఒక్కో స్థలంలో రెండేసి కట్టుకోవచ్చంది, 2023లో వాషింగ్టన్ రాష్ట్రం 1337 బిల్లుతో మిగతా చాలా ఊళ్లనీ అదే దారికి తెచ్చింది. మనలో చాలామంది కట్టుకునేది అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లకంటూ ఒక వంటిల్లు, ఒక తలుపు ఉండాలని. మేమూ అందుకే కట్టాం. ఆరువందల చదరపు అడుగులు, ఒక పడకగది, వెనకాల రెండు పెద్ద డగ్లస్ ఫర్ చెట్లు.

కట్టేటప్పుడు ఏడాదిపాటు టైల్స్ గురించీ కిటికీల గురించీ ఆలోచించాం. కట్టాక దాన్ని ఎలా చూసుకోవాలో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

మొదటి చలికాలం గడిచాక అమ్మ మంచం కింద సూట్‌కేసు తీసి చూస్తే పట్టుచీర మడతల్లో తెల్లగా బూజు. తర్వాత బాత్రూం సీలింగ్ మీద టీ మరకలాంటి మచ్చ ఒకటి వచ్చింది. కప్పు కారుతోందనుకున్నాం. రూఫింగ్ వాళ్లని పిలిచాం, బాగానే ఉందన్నారు. మరుసటి చలికాలం మచ్చ పెద్దదైంది, మళ్లీ పిలిచాం, మళ్లీ బాగానే ఉందన్నారు. చివరికి మా ఆయన అటకలోకి పాక్కుంటూ వెళ్లి చూస్తే, స్నానాల ఆవిరిని బయటికి పంపాల్సిన ఫ్యాన్ గొట్టం బయటిదాకా వెళ్లనే లేదు. కట్టినవాళ్లు దాన్ని అటకలోనే సగంలో వదిలేశారు. రోజుకి రెండు పూటలా వేడినీళ్ల స్నానాలు, ఆ ఆవిరంతా పైకెళ్లి, రాత్రి చలికి కప్పు ప్లైవుడ్ లోపలివైపు నీళ్లై, చుక్కచుక్కగా కిందికి కారుతోంది. ప్లైవుడ్ నల్లబడిపోయింది. రెండేళ్లు మేం వాన నీళ్ల కోసం వెతికాం. అవి మా స్నానాల నీళ్లు.

ఇవాళ ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ఈ వాతావరణంలో తేమ అసలు రాకుండా ఆపడం ఎవరి వల్లా కాదు, వచ్చిన తేమ ఎటు పోతుందో ఇంటివాళ్లకి తెలిసి ఉండాలి.

మనకి వాన కొత్త కాదు కదా అంటారు. నిజమే, సియాటెల్‌లో ఏడాదికి పడేది దాదాపు 39 అంగుళాలు, విశాఖపట్నంలో పడేదీ ఇంచుమించు అంతే. కానీ అక్కడ కుండపోతగా కురిసి వెలుస్తుంది, మర్నాడు ఎండ కాస్తే గోడలు ఆరిపోతాయి. ఇక్కడ అదే వాన నూట యాభై రోజుల మీద తుంపరగా పరుచుకుంటుంది, అదీ ఎక్కువగా అక్టోబరు నుంచి మార్చి దాకా, డిసెంబరులోనైతే సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది. తడిసిన చెక్క ఆరేలోపు మళ్లీ తడుస్తుంది. వాన ఎంత పడిందని కాకుండా ఆరడానికి ఎంత టైం దొరికిందని చూడాలి.

ఇంకో సంగతి మా అమ్మకి నచ్చజెప్పడానికి చాలా రోజులు పట్టింది. బయట వాన పడుతుంటే కిటికీ తీస్తే తేమ లోపలికి రాదా అంటుంది. విశాఖలో ఆగస్టులో వస్తుంది. ఇక్కడ జనవరిలో రాదు. చల్లటి గాలి మోసేదే కొంచెం నీరు. బయట 40 డిగ్రీల ఫారెన్‌హీట్, తేమ 90 శాతం ఉన్న గాలిని లోపలికి తెచ్చి 68 డిగ్రీలకి వేడిచేస్తే దాని తేమ 33 శాతం దగ్గరికి పడిపోతుంది. అంటే బయట వాన పడుతున్నా సరే, ఆ గాలి మన ఇంటిని ఆరబెడుతుంది. అందుకే ఈ ఇళ్లలో లోపలి గాలిని బయటికి లాగే ఫ్యాన్ ఒకటి రోజంతా మెల్లగా తిరిగేలా పెడతారు. "ఎవరూ లేని గదిలో ఫ్యాన్ ఎందుకే, కరెంటు దండగ" అని అమ్మ దాన్ని రోజూ ఆపేసేది. పెద్దవాళ్లని తప్పుపట్టడానికి లేదు, అదేంటో మేం ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఆ స్విచ్ పక్కన తెలుగులో చీటీ అంటించాం, ఆపొద్దని.

పది పదిహేను డాలర్లకి తేమ కొలిచే మీటరు దొరుకుతుంది. మొట్టమొదట కొనాల్సింది అదే. 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే హాయి, రోజుల తరబడి 60 దాటి ఉంటే ఎక్కడో బూజు మొదలైనట్టే అనుకోండి. మీటరు కొన్నాకే మాకు మా వంటల సంగతి తెలిసింది. ఇడ్లీ పాత్ర ఎక్కిన పూట, కుక్కరు నాలుగు విజిల్స్ వేసిన పూట నంబరు గబగబా పైకెళ్లేది. అంత చిన్న ఇంట్లో ఆవిరికి చోటు లేదు. స్టవ్ మీద ఆవిరి లాగే హుడ్ ఉంది కదా అనుకోకండి, కొన్ని హుడ్లు గాలిని వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతాయి, బయటికి గొట్టం ఉందో లేదో చూసుకోండి. అన్నిటికంటే ఎక్కువ తేమ ఇచ్చేది లోపల ఆరేసిన బట్టలు. ఒక వాయి బట్టల్లోంచి దాదాపు రెండు లీటర్ల నీళ్లు గాల్లోకి వస్తాయి. డ్రయ్యర్ బట్టల్ని పాడుచేస్తుందని అమ్మ పంచెలూ చీరలూ కుర్చీల మీద ఆరేసేది, ఇప్పుడు బాత్రూంలో ఆరేసి, తలుపు వేసి, ఫ్యాన్ పెడుతుంది.

బాత్రూం ఫ్యాన్‌కి టిష్యూ పెట్టి చూడమంటారు, అతుక్కుంటే బాగా లాగుతున్నట్టని. మా ఫ్యాన్ ఆ పరీక్ష ఎప్పుడు పెట్టినా పాసయ్యేది. అందుకే ఫ్యాన్ వేసి బయటికి వెళ్లి గోడ మీదో కప్పు మీదో దాని మూత తెరుచుకుంటోందో లేదో కళ్లతో చూడండి. స్నానం అయ్యాక ఇంకో అరగంట తిరగనివ్వండి.

మంచాలూ బీరువాలూ బయటి గోడకి ఆనించకండి, నాలుగు వేళ్ల ఖాళీ చాలు. పరుపు నేల మీద వేయొద్దు.

ఇక బయట. గట్టర్లు, అంటే కప్పు అంచున వాన నీళ్లు పట్టే కాలవలు, చెట్లున్నవాళ్లు చలికాలంలో రెండు మూడుసార్లు శుభ్రం చేయాలి, ఫర్ చెట్ల సూదుల్లాంటి ఆకులు మామూలు ఆకుల్లా కనపడవు, ముద్దలా పేరుకుపోతాయి. గట్టర్ పొంగితే నీళ్లు గోడ వెంటే దిగుతాయి. గోడ చెక్కకీ మట్టికీ మధ్య ఆరంగుళాలు కనపడాలి. అందం కోసం ఏటా చెక్కపొట్టు మల్చ్ పోసుకుంటూ పోతే ఆ ఆరంగుళాలు మాయమవుతాయి, మాకు మూడేళ్లలో అయ్యాయి. కప్పు మీద ఉత్తరం వైపు నాచు పడుతుంది. దయచేసి ప్రెషర్ వాషర్ పెట్టొద్దు, షింగిల్స్, అంటే కప్పు మీది పలకల, పైనున్న ఇసకలాంటి రవ్వ మొత్తం కొట్టుకుపోతుంది. మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి తుడిచి, నాచు మళ్లీ పట్టకుండా శిఖరం దగ్గర జింక్ పట్టీ వేయించుకుంటే చాలు. ఇంటి కింద క్రాల్ స్పేస్, అంటే మట్టికీ ఇంటికీ మధ్య పాక్కుంటూ దూరేంత ఖాళీ, ఉన్నవాళ్లు ఏడాదికోసారి టార్చి పట్టుకుని దూరి, మట్టి మీది నల్ల ప్లాస్టిక్ చిరగకుండా, జరగకుండా ఉందో చూడండి. అది లేకపోతే నేల చెమ్మంతా ఇంట్లోకే.

గోడల సంగతికొస్తే, ఇక్కడికి రెండున్నర గంటల దూరంలో కెనడాలో ఉన్న వాంకూవర్ ఉదాహరణ చాలు. 1980, 90 దశకాల్లో అక్కడ చూరు లేకుండా, గోడలకి గారలాంటి స్టకో పూసి కట్టిన వేల ఫ్లాట్ల గోడలు లోపల కుళ్లిపోయాయి. 1998లో ప్రభుత్వం విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. నీళ్లు సందుల్లోంచి లోపలికి వెళ్లాయి, బయటికి వచ్చే దారి లేదు. ఆ అనుభవంతోనే పై పలకలకీ గోడకీ మధ్య సన్నటి ఖాళీ వదిలే పద్ధతి అక్కడ తప్పనిసరి అయింది. కాబట్టి కిటికీ కింద కనపడే చిన్న చిల్లుల్ని చీమలొస్తాయని సీలెంట్‌తో మూసేయకండి. అవి నీళ్లు బయటికి పోవడానికి పెట్టినవి.

బూజు కనపడితే కంగారుగా బ్లీచ్ కొట్టేయడం మనకి అలవాటు. టైలు, పెయింటు లాంటి గట్టి పైభాగాల మీదైతే సబ్బునీళ్లతో రుద్ది ఆరబెడితే చాలు. డ్రైవాల్, అంటే లోపలి గోడలకి బిగించే జిప్సం పలక, లోపలికి ఎక్కితే ఆ ముక్క కోసి తీసేయాల్సిందే, దాని మీది కాగితమే బూజుకి తిండి. ఏదైనా తడిస్తే ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టాలి, తర్వాత పని పెరుగుతుంది.

చివరిగా, అమ్మానాన్న ఆరు నెలలుండి అక్టోబరులో వెళ్లిపోతే మనం చేసే పెద్ద పొరపాటు ఆ ఇంటి హీటర్ కట్టేసి తాళం వేయడం. 55, 60 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంచండి, ఫ్యాన్ తిరగనివ్వండి, బీరువా తలుపులు తీసిపెట్టండి. నెలకోసారి వెళ్లి సింకుల్లో, షవర్లో ఒక చెంబు నీళ్లు పోయండి, లేకపోతే కింద గొట్టం వంపులో నీళ్లు ఎండిపోయి డ్రైనేజీ వాసన ఇంట్లోకి ఎక్కుతుంది.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. గట్టర్లు శుభ్రం చేయడానికి నిచ్చెన లేనివాళ్లు వెళ్లేముందు నాకు చెప్పండి, మా గ్యారేజీలో ఇరవైనాలుగు అడుగులది ఉంది. ఎక్కేటప్పుడు మాత్రం కింద ఒకరు పట్టుకోవాలి, ఎవరూ దొరక్కపోతే నేనొస్తాను.