పెళ్లీడు కొడుక్కి మత్తు చికిత్స: ఇంట్లోవాళ్లకు ఎంతవరకు చెప్పాలి?

యాంకర్: అమ్మా, అబ్బాయిని డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్పించింది మీరే కదా. తర్వాత ఏమైంది?

తల్లి: మర్నాడు ఫోన్ చేస్తే "పేషెంట్ ఒప్పుకోలేదు, ఏమీ చెప్పలేం" అని పెట్టేశారు సార్. ఫీజు కట్టింది నేను. కన్నతల్లికి కూడా చెప్పరా?

న్యాయవాది: మీ బాధ అర్థమవుతోందమ్మా. కానీ ఫీజు కడితే ఆ హక్కు రాదు. మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికే వస్తాయి. 23వ సెక్షన్ పేషెంటు వివరాలు బయటపెట్టొద్దంటుంది. ప్రాణం మీదికొచ్చినా, ఇంకొకరికి హాని జరిగేలా ఉన్నా అవసరమైనంత చెప్పొచ్చు.

యాంకర్: అప్పటిదాకా తల్లిదండ్రులు గేటు బయటేనా?

వైద్యురాలు: కానే కాదు! చట్టం మమ్మల్ని చెప్పొద్దంది గానీ వినొద్దనలేదు. తాగుడు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. చివరిసారి ఎప్పుడు తాగాడు, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా, వేరే మాత్రలేమైనా మింగుతున్నాడా... ఇవన్నీ పేషెంటు చెప్పే స్థితిలో ఉండడు. తల్లి ఫోన్ చేస్తే పెన్ను తీసి రాసుకోవాలి.

తల్లి: పోయినేడు వాడికి ఫిట్స్ వచ్చాయి మేడమ్. నన్నెవరూ అడగలేదు.

వైద్యురాలు: అడగాల్సిందమ్మా. ఇప్పుడైనా కాగితం మీద రాసి ఇవ్వండి.

న్యాయవాది: ఇంకోటుంది. 14వ సెక్షన్ ప్రకారం మైనారిటీ తీరిన ఎవరైనా తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి తన నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌ను, అంటే చికిత్స విషయంలో తన తరఫున ఉండే మనిషిని, పెట్టుకోవచ్చు. ఆ బాధ్యతకు కావలసిన వివరాలు వాళ్లకు ఇవ్వొచ్చు. వద్దనుకుంటే ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

యాంకర్: అబ్బాయి సంతకం పెట్టనంటే?

వైద్యురాలు: చేరిన రోజు అడిగితే ఎవరు పెడతారండీ? చేతులు వణుకుతుంటాయి, చెమటలు, పైగా ఇంట్లోవాళ్ల మీద పట్టరాని కోపం. కాస్త తేరుకున్నాక మళ్లీ అడగాలి. "అపాయింట్‌మెంట్లకు వస్తున్నావా, మాత్రలు వేసుకుంటున్నావా, ఇంతవరకే మీ అమ్మకు చెప్తాం. కౌన్సెలింగ్‌లో నువ్వన్నది చెప్పం" అని విడమరిచి చెబితే మెత్తబడతారు. ఆ మాట మేం నిలబెట్టుకోవాలి. ఒక్కసారి పొక్కిందంటే ఇక మాకు నిజం చెప్పరు.

తల్లి: వాడి రహస్యాలు నాకొద్దు. ఎప్పుడు పంపిస్తారో, ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలో చెబితే చాలు.

వైద్యురాలు: రెండోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది జబ్బు గురించిన సంగతి. హెరాయిన్ లాంటివి కొన్నాళ్లు మానేస్తే ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ విషయం ప్రతి ఇంటికీ తెలియాలి. డిశ్చార్జి తేదీ మాత్రం అబ్బాయి సరేనంటేనే చెప్తారు. ఈ సాయంత్రమే అతన్ని అడగమని సెంటర్ వాళ్లకు చెప్పండమ్మా.